హరిత విప్లవ పితామహుడిగా పేరొందిన అమెరికా వ్యవసాయ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ నిజంగా రైతు బిడ్డేనా? ఆయన కుటుంబం ఎక్కడిది?

అవును, అచ్చంగా రైతు బిడ్డే. ఆయన ముత్తాత, ముత్తవ్వ నార్వేలోని ఫెయోస్ అనే చిన్న ఊరు వదిలి 1854లో అమెరికాలోని విస్కాన్సిన్‌కు వలస వచ్చారు. తర్వాత ఆ కుటుంబం అయోవా రాష్ట్రంలో క్రెస్కో పట్టణం దగ్గర, నార్వే నుంచి వచ్చినవాళ్లే ఉండే పల్లెలో స్థిరపడింది. 1914 మార్చి 25న తాతగారి పొలంలోని ఇంట్లోనే నార్మన్ పుట్టారు. నలుగురు పిల్లల్లో పెద్ద, మిగతా ముగ్గురూ చెల్లెళ్లు.

వాళ్లది 106 ఎకరాల పొలం. మొక్కజొన్న, ఓట్స్, పశువుల మేతకు తిమోతి గడ్డి పండించేవారు. ఆవులు, పందులు, కోళ్లు ఉండేవి. ఏడో ఏట నుంచి పంతొమ్మిదో ఏట దాకా ఆయన ఆ పొలం పనుల్లోనే పెరిగారు. ఎనిమిదో తరగతి వరకు ఒకే గది, ఒకే టీచరున్న బడి. ముందు బుర్ర నింపుకుంటే తర్వాత కడుపు నిండుతుందని తాత నెల్స్ నూరిపోయకపోతే చదువు అక్కడితో ఆగిపోయేదేమో. నా దృష్టిలో ఈ కథలో అసలు పెద్దమనిషి ఆ తాతే.

1933లో మిన్నెసోటా యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష తప్పారు. అయినా అక్కడే కొత్తగా పెట్టిన జనరల్ కాలేజీలో సీటు దొరికింది. ఆర్థిక మాంద్యం రోజులవి. ఫీజు కోసం మధ్యలో ప్రభుత్వ ఉపాధి శిబిరంలో పనిచేశారు. ఆకలితో వచ్చిన కుర్రాళ్లు కడుపునిండా తిన్నాక ఎలా మారిపోయారో అక్కడ కళ్లారా చూశారు. తర్వాత శాస్త్రవేత్తగా ఆయన రూపొందించిన, పొట్టిగా పెరిగి ఎక్కువ దిగుబడినిచ్చే గోధుమ 1960ల్లో మన దేశానికి వచ్చింది. 1970లో నోబెల్ శాంతి బహుమతి, 2006లో పద్మవిభూషణ్ అందుకున్నారు.