'చనిపోయారు'లోని 'రు' ఎవరిది?

సందేహం: నేను ఒక దినపత్రిక డెస్కులో పనిచేస్తున్నాను. ఇజ్రాయెల్, గాజా వార్తలు దిద్దేటప్పుడు ప్రతిసారీ ఒకచోట కలం ఆగిపోతున్నది. ఒక శీర్షికలో "హమాస్ దాడిలో 1,200 మంది పౌరుల ఊచకోత" అని ఉంటుంది. మరొకదానిలో "గాజాలో 40 మంది మృతి" అని, ఇంకొకదానిలో "ఏరివేతలో 12 మంది హతం" అని ఉంటుంది. ఒకవైపు వారిని ఎవరో చంపారనీ, మరొకవైపు వారు వాళ్లంతట వాళ్లే పోయారనీ రాస్తున్నారేమని పాఠకులు నిలదీస్తున్నారు. అందరికీ ఒకే క్రియ వాడితే ఇద్దరినీ ఒకే గాటన కట్టినట్లవుతుందని మా సీనియర్లు అంటున్నారు. ఏది ఒప్పు? 'సివిలియన్' అనే అర్థంలో 'పౌరుడు' అనడం సరైనదేనా?

సమాధానం: ముందు క్రియల సంగతి చూద్దాం. 'చనిపోవు' అన్న మాటలో నిజానికి చావు లేదు. 'చను' అంటే వెళ్లు. దానికి 'పోవు' చేరి, వెళ్లిపోయారు అన్నంత మెత్తగా చావును చెబుతుంది. ఇంట్లో పెద్దాయన పోయినప్పుడు ఆ మెత్తదనం మర్యాద. 'చంపు'కు జంట 'చనిపోవు' కాదు, 'చచ్చు'. ఆ మాట మనుషుల విషయంలో మోటుగా వినిపిస్తుంది కాబట్టి పత్రికల్లోకి రాదు. ఇక వ్యాకరణం మాటకొస్తే, 'చనిపోయారు', 'చంపారు' రెండింటి చివరా 'రు' ఉన్నది గానీ, మొదటి దానిలోని 'రు' పోయినవారిది, రెండవదానిలోని 'రు' పోగొట్టినవారిది. "నలుగురిని చంపారు" అన్న వాక్యంలో కర్త పేరు ఎక్కడా కనిపించకపోయినా, ఆ పని చేసినవారు క్రియ చివర నిలబడే ఉంటారు. "నలుగురు చనిపోయారు" అన్నప్పుడు చంపినవారు వాక్యంలోనే ఉండరు. మీ పాఠకులకు తగిలినది ఇదే. వారు వ్యాకరణం పేరెత్తకుండానే వ్యాకరణ దోషాన్ని పట్టుకున్నారు.

అట్లాగని 'చనిపోయారు' ఎల్లప్పుడూ తప్పు అనలేము. 2023 అక్టోబరు 17న గాజాలోని అల్ అహ్లీ ఆసుపత్రి ఆవరణలో పేలుడు జరిగినప్పుడు, అది మీ పనేనని రెండు పక్షాలూ ఒకదానినొకటి నిందించుకున్నాయి. అటువంటి ఘటనలో తొలి గంటల్లో "పేలుడులో అనేకమంది చనిపోయారు" అని రాయడమే నిజాయితీ. కర్త ఎవరో తెలియనప్పుడు కర్త లేని క్రియ వాడాలి. కర్త ఎవరో తానే ఒప్పుకున్నప్పుడు, ఆ దాడి మేమే చేశామని సైన్యమో సంస్థో ప్రకటించినప్పుడు కూడా అదే క్రియను పట్టుకుని వేలాడటమే లోపం. 'చంపబడ్డారు' అనే కర్మణి ప్రయోగంతో సర్దుకోవద్దు. అది తెలుగు నోటికి ఎప్పుడూ పరాయిదే, పైగా చంపినవారిని అదీ దాచిపెడుతుంది.

'హతం' విషయం వేరు. హతుడు అంటే చంపబడినవాడని అర్థం కాబట్టి చంపినవారి జాడ దానిలో కొంత ఉన్నది. అయితే 'హతులయ్యారు' అనవలసిన చోట "12 మంది హతం" అని నపుంసకంలోకి దించే అలవాటు మన శీర్షికలకు పట్టుకున్నది. అదీ శత్రువునే అట్లా దించుతున్నారు. మనవాడు వీరమరణం పొందుతాడు, సామాన్యుడు మృతి చెందుతాడు, ఎదుటివాడు హతం అవుతాడు. 'ఏరివేత' ఇంకా ఘాటైన మాట. చాటలో బియ్యం పోసుకుని కిటికీ దగ్గర కూర్చున్నవారిని చూడండి: ప్రతి గింజనూ వేలితో జరిపి, రాయి అని తేలాకే తీసి పక్కన పడేస్తారు. ఏరడమంటే ఒక్కొక్కదాన్నీ చూడటం. ఇంటి మీద పడే బాంబు ఏ ఇంట్లో ఏ గదిలో ఎవరున్నారో ఏరదు. ఆ పనికి ఆ పేరు పెట్టినవారు, పోయినవారందరూ రాళ్లేనని ముందే తీర్పు చెప్పేశారన్నమాట. 'బలయ్యారు' అన్నది దయతో వాడే మాటే గానీ, బలి ఏదో ఒక దేవతకు ఇస్తారు. ఆ చావుకు ఒక పరమార్థం ఉన్నట్లు అది ధ్వనిస్తుంది. 'మారణహోమం'లోనూ, 'నరమేధం'లోనూ అదే యజ్ఞం పొగ ఉన్నది. 'జెనోసైడ్' అనే చట్టపరమైన నేరాన్ని కూడా మనవారు 'మారణహోమం' అనే అనేస్తున్నారు. 1948 నాటి ఒడంబడిక ప్రకారం ఆ నేరం పోయినవారి సంఖ్యతో తేలేది కాదు, ఒక జనసమూహాన్ని ఆ సమూహంగా నాశనం చేయాలన్న ఉద్దేశంతో తేలేది. ఇజ్రాయెల్‌పై దక్షిణాఫ్రికా 2023 డిసెంబరులో అంతర్జాతీయ న్యాయస్థానంలో వేసిన వ్యాజ్యంలో ప్రశ్న అదే. ఆ సందర్భంలో 'జాతిహననం' అనాలి. పెద్ద ఎత్తున చంపడాన్ని చెప్పదలచుకుంటే, పొలంలో పుట్టిన 'ఊచకోత' ఉండనే ఉన్నది, అది ఏ పక్షానికైనా వర్తిస్తుంది.

ఇక 'పౌరుడు'. పురంలో ఉండేవాడు పౌరుడు. తరువాత ఒక దేశపు హక్కులు గలవాడన్న అర్థం దానికి స్థిరపడింది. ఆ అర్థంలో సైనికుడూ పౌరుడే. మీ మొదటి శీర్షికలో రెండు తప్పులు ఇక్కడి నుంచే వచ్చాయి. 2023 అక్టోబరు 7న హమాస్, దానితో కలిసి వచ్చిన సాయుధులు చంపినవారు సుమారు 1,200 మంది. వారిలో సైనికులు, పోలీసులు మూడు వందల పైచిలుకు ఉన్నారు. మిగిలిన సుమారు 800 మందీ 'సివిలియన్లు', కానీ అందరూ ఇజ్రాయెల్ పౌరులు కారు. తోటల్లో పనిచేసే థాయ్‌లాండ్ కూలీలు ఉన్నారు, వ్యవసాయం నేర్చుకోవడానికి వెళ్లిన నేపాలీ విద్యార్థులు 10 మంది ఉన్నారు. 2024 మార్చిలో లెబనాన్ వైపు నుంచి వచ్చిన క్షిపణికి ఉత్తర ఇజ్రాయెల్‌లోని ఒక తోటలో కేరళ యువకుడు ఒకరు బలయ్యారు. (చూశారా, హెచ్చరిస్తున్న నాకే 'బలయ్యారు' వచ్చేసింది, 'క్షిపణి వేసి ఒకరిని చంపారు' అని దిద్దుకుంటున్నాను.) మన తెలుగు జిల్లాల నుంచి అక్కడ వృద్ధుల సేవకో, భవన నిర్మాణానికో వెళ్లినవారి ఇళ్లలో ఈ వార్తలు చదివేవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. వారి మనిషి అక్కడి పౌరుడు కాదు, సైనికుడూ కాదు. గాజావారి సంగతి మరీ చిక్కు. వారు ఏ దేశపు పౌరులన్న దాని మీదే డెబ్బై ఏళ్లకు పైగా తగాదా నడుస్తున్నది. అందువల్ల 'సామాన్య ప్రజలు', 'సామాన్యులు' అనండి, చట్టం ప్రస్తావన వచ్చిన చోట 'పోరులో లేనివారు' అనండి. అంకెల దగ్గర కూడా అదే జాగ్రత్త అవసరం. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ కుదిరేనాటికి గాజా ఆరోగ్యశాఖ లెక్క 67,000 దాటింది. ఆ లెక్క సాయుధులను, సామాన్యులను విడదీసి చెప్పదు. "67 వేల మంది పౌరులు" అని రాసినా, ఆ సంఖ్యలోని మగవారందరినీ ఉగ్రవాదుల కింద జమ వేసినా మూలంలో లేనిది కల్పించినట్లే.

'అమాయకులు' అనే మాటను మాత్రం వీలైనంత తక్కువగా వాడమంటాను. మాయ తెలియనివాడు అమాయకుడు. చంపకుండా విడిచిపెట్టడానికి ఆ యోగ్యత అక్కరలేదు. శత్రువును ద్వేషించే ముసలాయన, హమాస్‌కు ఓటు వేసిన దుకాణదారు, గాజా మీద బాంబులు వేయాలని వాదించే టెల్ అవీవ్ గృహిణి, వీరెవరూ అమాయకులు కాకపోవచ్చు. అయినా వారు పోరులో లేనివారే, వారిని గురిపెట్టడం తప్పే. ఈ నిర్వచనానికి మనం పరాయి నిఘంటువులు వెతకవలసిన పని లేదు. పోతన భాగవతంలో, నిద్రపోతున్న తన బిడ్డలను చంపి పట్టుబడిన అశ్వత్థామను ద్రౌపది ఇట్లా అడుగుతుంది:

ఉద్రేకంబున రారు శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు కిం
చిద్ద్రోహంబును నీకుఁ జేయరు బలోత్సేకంబుతోఁ జీకటిన్
భద్రాకారులఁ బిన్నపాపల రణప్రౌఢక్రియాహీనులన్
నిద్రాసక్తుల సంహరింప నకటా! నీ చేతు లెట్లాడెనో!

కోపంతో మీదికి రాలేదు, ఆయుధం పట్టి యుద్ధభూమిలో లేరు, నీకు ఏ కీడూ చేయలేదు, యుద్ధవిద్య తెలిసినవారు కారు, నిద్రలో ఉన్నారు. ఎవరి పక్షాన న్యాయముందన్న ప్రసక్తి ఈ పద్యంలో లేదు. నీ తండ్రిని మావారు అన్యాయంగా చంపారు కదా, దానికి ఇది చెల్లు కదా అన్న లెక్కా లేదు. వ్యాసభారతంలో ఉపపాండవులు కురుక్షేత్రంలో పోరాడినవారే. వారిని పిన్నపాపలుగా నిలిపినది భాగవత సంప్రదాయం. ఇక్కడ పద్యమూ నేటి యుద్ధచట్టమూ కొంత విడిపోతాయని కూడా చెప్పాలి. అక్టోబరు 7న స్థావరంలో నిద్రలేస్తున్న సైనికుడిని చట్టం పోరులో ఉన్నవాడిగానే లెక్కిస్తుంది, ద్రౌపది లెక్కించదు. బేయెరి కిబుట్జ్‌లో (సామూహిక వ్యవసాయ గ్రామంలో) ఇంటి రక్షణ గదిలో తలుపు బిగించుకున్న కుటుంబం, నోవా సంగీతోత్సవంలో ఆడుతున్న యువతీ యువకులు, గాజాలో గుడారంలో పడుకున్న పిల్లలు, వీరి విషయంలో రెండింటిదీ ఒకే మాట.

ఇప్పుడు 'ఒకే గాటన కట్టడం' దగ్గరకు వద్దాం. మీ సీనియర్ల భయం అర్థం లేనిది కాదు. గురిపెట్టి ఇంటింటికీ వెళ్లి చంపడానికీ, సాయుధుడి మీద వేసిన బాంబుకు పక్కింటివారు పోవడానికీ తేడా ఉన్నదని వారి వాదం. ఉన్నది. కానీ ఆ తేడాను చెప్పవలసినది క్రియ కాదు, క్రియావిశేషణం. తెలుగులో ఇందుకు మూడు మాటలు చేతికందేంత దగ్గరలో ఉన్నాయి: కావాలని చంపారు, తెలిసీ చంపారు, తెలియక చంపారు. వాదమంతా మొదటిదానికీ మూడవదానికీ మధ్య జరుగుతుంటుంది. మేము కావాలని చేయలేదని ఒకరు అంటారు, కావాలనే చేశారని మరొకరు అంటారు. నడుమనున్న 'తెలిసీ' ఎవరికీ పట్టదు. పాత్రికేయులు 'కొలాటరల్ డ్యామేజ్' కోసం కూర్చుకున్న 'ఆనుషంగిక నష్టం' ఆ నడిమి మాటను పూర్తిగా మింగేస్తుంది. 'నష్టం' తుఫాను భాష, పంటకూ పడవలకూ వాడేది. కానీ యుద్ధంలో సామాన్యుల రక్షణకు నియమాలు పెట్టిన 1977 నాటి జెనీవా అదనపు ప్రోటోకాల్ (ఇజ్రాయెల్ దానిలో చేరలేదు, పాలస్తీనా 2014లో చేరింది) అడిగే ప్రశ్న 'తెలిసీ' చుట్టూనే తిరుగుతుంది: దాడికి ముందు మీరు అంచనా వేసుకున్న ప్రాణహాని, ఆశించిన సైనిక ప్రయోజనంతో పోలిస్తే మితిమీరినదా?

ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2006 డిసెంబరులో ఎంపిక చేసిన వ్యక్తులను చంపే విధానంపై ఇచ్చిన తీర్పులో, ప్రధాన న్యాయమూర్తిగా పదవీ విరమణ చేసిన అహరోన్ బరాక్ ఒక ఉదాహరణ చెప్పారు. ఒకడు తన ఇంటి వసారా నుంచి సైనికుల మీదో సామాన్యుల మీదో కాల్పులు జరుపుతున్నాడు. అతనిని కాల్చితే ఒక పొరుగువాడికో దారిన పోయేవాడికో తగలవచ్చని తెలిసినా ఆ కాల్పులు అనుమతించదగినవే. ఆ ఒక్కడి కోసం ఆ భవనం మీదనే విమానం నుంచి బాంబు వేసి పదుల మందిని చంపితే అనుమతించదగినవి కావు. రెండింటిలోనూ ఉద్దేశం ఒకటే, తెలిసినదాని కొలత మారింది. 2002 జులైలో గాజాలో హమాస్ సైనిక నాయకుడు సలాహ్ షెహాదే ఇంటి మీద వేసిన టన్ను బాంబు అతనితో పాటు పది మందికి పైగా సామాన్యులను చంపింది, వారిలో పిల్లలు ఉన్నారు. ఆ ఘటన మీద ఇజ్రాయెల్ వేసిన కమిషన్, ఫలితం మితిమీరినదని ఒప్పుకుంటూనే, అంతమంది ఉన్నారన్నది దాడి చేసినవారికి తెలియలేదని తేల్చింది.

ఇక్కడ తెలుగు మరొక మెట్టు దిగగలదు. 'తెలియక' వేరు, 'తెలుసుకోక' వేరు. ఆ 'కొను' ప్రత్యయం బాధ్యతను చేసినవాడి చేతికి తెచ్చి ఇస్తుంది. 2024 ఏప్రిల్ 1న దెయిర్ అల్ బలా దగ్గర వరల్డ్ సెంట్రల్ కిచెన్ వాహనాల మీద ఇజ్రాయెల్ సైన్యం దాడి చేసి ఏడుగురు సహాయ కార్యకర్తలను చంపింది. ఆ ప్రయాణం గురించి ఆ సంస్థ సైన్యానికి ముందే సమాచారం ఇచ్చి ఉన్నది. తీవ్రమైన పొరపాటని సైన్యం ఒప్పుకుని ఇద్దరు అధికారులను తొలగించింది. ఇటువంటి చోట 'పొరపాటున' అన్నది సైన్యం మాటగా ఉటంకించండి. మీ సొంత వాక్యంలో వాడవలసి వస్తే 'ఎవరో తెలుసుకోకుండా' అనండి.

"ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా" అన్న సామెతను ఈ యుద్ధం మీద వ్యాసాలలో విరివిగా వాడుతున్నారు. మనుషులను ఎలుకలనడం అట్లా ఉంచి, ఆ సామెతలోనూ అదే 'కొను' ఉన్నది. కాలేది తన ఇల్లే గనుక మూర్ఖత్వం అని దాని అర్థం. పరాయి ఇల్లు కాలినప్పుడు అది మూర్ఖత్వం కాదు, ఇంకేదో. సామెత సరిపోదు. 'మానవ కవచాలు' అన్న మాటకు కూడా ఇదే పరీక్ష పెట్టండి. సామాన్యుల నడుమ దాక్కుని వారిని కవచం చేసుకున్నది ఒకరు, కవచం మీద కొట్టినది మరొకరు. రెండు క్రియలకు ఇద్దరు కర్తలు. ఒక పక్షం నియమం తప్పితే రెండవ పక్షానికి సామాన్యుల పట్ల ఉన్న బాధ్యత తీరిపోదని ఆ ప్రోటోకాల్ కూడా చెబుతున్నది. కాబట్టి వాక్యంలో ఇద్దరినీ ఉంచండి, ఒకరి పేరు చెప్పి రెండవవారిని క్రియలో నుంచి తప్పించవద్దు.

మీ మూడు శీర్షికలనూ నేనైతే ఇట్లా దిద్దుతాను. "సుమారు 1,200 మందిని చంపిన హమాస్, సామాన్యులే అధికం." "గాజాలో ఇజ్రాయెల్ బాంబులు. 40 మందిని చంపిన దాడి." మూడవదానిలో పోయిన 12 మంది ఎవరో సైన్యం ఒక్కటే చెబుతున్నట్లయితే, "12 మందిని చంపాం, సాయుధులే: ఇజ్రాయెల్ సైన్యం." సింగిల్ కాలమ్‌లో ఇంత పట్టదని మీ పేజీ వేసేవారు అంటారని తెలుసు. 'హతం' రెండు అక్షరాలు, 'చంపిన' మూడు. తేడా ఒక్క అక్షరమే.