డాలస్‌లో లేని చెకింగ్ శాన్ హోజేలో ఎందుకు?

టెక్సాస్‌లోని డాలస్ నుంచి కాలిఫోర్నియాలోని శాన్ హోజేకి మారిన ఓ తమ్ముడి సందేహం: "అన్నా, శుక్రవారం రాత్రి తాగి నడిపేవాళ్ళ కోసం పోలీసులు రోడ్డు మీద కోన్లు పెట్టి అందరి కార్లూ ఆపుతున్నారు. నేను ఏ తప్పూ చెయ్యకుండా నన్ను ఆపే హక్కు వాళ్ళకుందా?"

ఉంది. 1990లో మిషిగన్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు 6-3 తేడాతో సరేనంది. తమాషా ఏమిటంటే, 1993లో అదే మిషిగన్ రాష్ట్ర సుప్రీం కోర్టు తమ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం చెల్లదని చెప్పేసింది. టెక్సాస్‌లో, వాషింగ్టన్ రాష్ట్రంలో కూడా ఈ చెకింగులు ఉండవు. అలాగని డాలస్‌లో ధీమాగా తాగి నడిపేవాళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది. అక్కడ పండగ వారాంతాల్లో "నో రెఫ్యూజల్" అంటారు. ఊదనంటే జడ్జి చేత అప్పటికప్పుడు వారంట్ మీద సంతకం పెట్టించి రక్తం తీయిస్తారు.

కాలిఫోర్నియాలో చెకింగ్ ఉందన్న బోర్డు చూసి ముందే పక్క వీధిలోకి తిరగడం నేరం కాదు. ఇండికేటర్ వెయ్యకుండా తిరిగావో, ఆపడానికి ఆ కారణం చాలు.

ఆపాక అడిగితే లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ చూపించాలి. ఎక్కణ్ణుంచి వస్తున్నావు, ఎంత తాగావు అంటే మాత్రం జవాబు చెప్పక్కర్లేదు. మనవాళ్ళు కంగారులో "ఒక్క బీరే సార్" అనేస్తారు, అది తిన్నగా రిపోర్టులోకి ఎక్కుతుంది. గీత మీద నడిచి చూపించమన్నా మర్యాదగా వద్దనొచ్చు.

చాలామంది తికమక పడేది ఊదడం దగ్గర. అరెస్టుకు ముందు రోడ్డు పక్కన చిన్న మిషన్‌లో ఊదమంటే, 21 నిండి, పాత తాగి నడిపిన కేసులో ప్రొబేషన్‌లో (కోర్టు పెట్టిన షరతుల కింద) లేనివాళ్ళు కాదనొచ్చు. అరెస్టయ్యాక చేసే పరీక్ష వేరు. దానికి నువ్వు బండి నడుపుతున్నావంటేనే ఒప్పుకున్నట్టు లెక్క. మొదటిసారి కాదన్నా ఏడాదిపాటు లైసెన్సు పోతుంది.

హైదరాబాద్‌లో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్, ఇక్కడ 80 కదా అని లెక్కలు వెయ్యకు. అంతకన్నా తక్కువ వచ్చినా, నడపలేని స్థితిలో ఉన్నావని కేసు పెట్టొచ్చు.

వీసా సంగతి ఇంకా ఘోరం. నేరం రుజువు కాకముందే, అరెస్టు ఒక్కదానికే వీసా స్టాంపు రద్దు కావచ్చు. దాంతోనే నువ్వు దేశం వదలాలని కాదు గానీ, బయటికెళ్తే మళ్ళీ కాన్సులేటు, మెడికల్ పరీక్ష. నాతో పనిచేసినాయన ఆ టెన్షన్‌తోనే చెల్లెలి పెళ్ళిని ఫోన్‌లో చూశాడు.