జాయ్ డివిజన్, న్యూ ఆర్డర్ ఒకే బృందమా?

మనుషులు దాదాపు వారే, కానీ పేరూ సంగీతమూ మారాయి: 1980 మే 18న గాయకుడు ఇయాన్ కర్టిస్ మరణించాక, ఇంగ్లండ్ రాక్ బృందం జాయ్ డివిజన్‌లో మిగిలిన ముగ్గురూ న్యూ ఆర్డర్‌గా కొనసాగారు. సభ్యుల్లో ఎవరు లేకపోయినా జాయ్ డివిజన్ అన్న పేరు వాడకూడదని వారు ముందే అనుకున్నారు. బెర్నార్డ్ సమ్నర్ గిటారుతో పాటు గానాన్నీ అందుకున్నాడు. పీటర్ హుక్, స్టీఫెన్ మోరిస్ యథావిధిగా బేస్, డ్రమ్స్ వాయించారు. అదే ఏడాది గిలియన్ గిల్బర్ట్ కీబోర్డులతో చేరింది.

ఆ తర్వాత వారిపై న్యూయార్క్ నృత్యశాలల సంగీతం, ఇటలీ సంగీతకారుడు జోర్జో మొరోడర్ యంత్రలయలు గట్టి ముద్ర వేశాయి. 1983లో వచ్చిన 'బ్లూ మండే' ఇందుకు చక్కని ఉదాహరణ. దాదాపు ఏడున్నర నిమిషాల ఈ పాటలో దరువంతా డ్రమ్ మెషీన్‌ది, కింద పరుగులు తీసేది సీక్వెన్సర్ (ముందే అమర్చిన స్వరాల వరుసను తనంతట తాను వాయించే యంత్రం). మధ్యలో వినిపించే బృందగానపు స్వరం జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ రికార్డు నుంచి తీసుకున్నదే. అంత యంత్రసంగీతంలోనూ హుక్ బేస్ గిటారు శ్రావ్యంగా పైకి తేలుతుంది. నా దృష్టిలో ఆ బృందం అసలు గుర్తు అదే.

కర్టిస్ పోయాకే వీరు ఎలక్ట్రానిక్ వైపు తిరిగారన్నది చాలామందిలో ఉన్న అపోహ. క్రాఫ్ట్‌వెర్క్‌ను అమితంగా ఇష్టపడి, తోటివారికి వినిపించింది కర్టిసే. ఆయన పాడిన 'ఐసొలేషన్' పాట సింథసైజర్ (ఎలక్ట్రానిక్‌గా ధ్వనులు పుట్టించే వాద్యం) మీదే నడుస్తుంది.