రెండో రోజు పొద్దున సీటు మీద కూర్చోగలరా?

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి. నేనూ మా తమ్ముడూ జనవరిలో మూడు రోజులు లీవు పెట్టి సైకిళ్ళ మీద హార్స్‌లీ హిల్స్ పోవాలనుకుంటా ఉండాం. ఇద్దరివీ గేరు సైకిళ్ళే. ఆదివారాలు చంద్రగిరి కోట దాకా పోయొస్తాం, అంతకంటే దూరం ఎప్పుడూ పోలేదు. మొదటి రోజే మదనపల్లె చేరి, రెండో రోజు కొండెక్కి, మూడో రోజు వచ్చేద్దామని ప్లాను. ఇంకా రెండు నెలలు టైముంది. ఏమేం కొనాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తమ్ముడూ, కొనేది తర్వాత చూద్దాం, ముందు ఆ ప్లాను మార్చండి. మదనపల్లె దగ్గర దగ్గర 120 కిలోమీటర్లు, అది కూడా చదును రోడ్డు కాదు, తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే మదనపల్లె 700 దాకా ఉంటుంది, హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు, అంటే పోయేటప్పుడంతా ఎక్కడమే. రంగంపేట దాటగానే భాకరాపేట ఘాటు మొదలవుతుంది, అక్కడే కాళ్ళు సగం అయిపోతాయి. అందుకని మొదటి రోజు పీలేరులో ఆగండి, సుమారు 60 కిలోమీటర్లు. రెండో రోజు కలికిరి, వాయల్పాడు మీదుగా మదనపల్లె. కొండ మూడో రోజు పొద్దున్నే. ఇంకో రెండు రోజులు లీవు దొరక్కపోతే వచ్చేటప్పుడు తెలిసినవాళ్ళ టెంపోలో సైకిళ్ళు వేసుకుని రండి, అందులో తప్పేం లేదు.

నా అనుభవం చెప్తాను. ఒకసారి తలకోన పోయాను, బ్యాగు వీపుకే తగిలించుకున్నా. మొదటి రోజు హుషారుగా చేరిపోయా, జలపాతం కింద నిలబడితే అలసటంతా పోయినట్టే అనిపించింది. మర్నాడు పొద్దున సీటు మీద కూర్చోబోతే ప్రాణం పోయింది, భుజాలు పట్టేశాయి, నేరబైలు దాకా కూడా సరిగ్గా తొక్కలేకపోయాను. అప్పుడు తెలిసింది, మొదటి రోజు ఎవరైనా తొక్కుతారు, రెండో రోజు పొద్దున లేచి మళ్ళీ తొక్కగలమా అనేదే అసలు విషయం.

కాబట్టి ఈ రెండు నెల్లు ఆదివారం ఒక్కరోజు కాదు, శని ఆది రెండు రోజులూ వరసగా తొక్కండి. మొదట రోజుకి 25, 30తో మొదలుపెట్టి వారం వారం కొంచెం పెంచుకుంటూ పొండి, చివర్లో ఒక శనివారం శ్రీకాళహస్తి పోయి రాత్రికి అక్కడే ఉండి ఆదివారం రండి. మీరు నిజంగా తీసుకెళ్ళే సామాను మొత్తం కట్టుకుని పోవాలి, అది ముఖ్యం. సామాను వీపు మీద వద్దు, వెనక క్యారియర్‌కి రెండు పక్కలా బ్యాగులు వేలాడేయండి, బరువు కిందికుంటే సైకిల్ ఊగదు. నవంబర్లో వానలు గట్టిగా ఉంటాయి, 2021 నవంబర్లో తిరుపతి ఎట్లా మునిగిందో చూశాం కదా, వాగులు పారే రోజుల్లో మాత్రం ప్రాక్టీసు మానేయండి.

సీటు ఎత్తు చూసుకోండి. మడమ పెడలు మీద పెట్టి కిందికి తొక్కితే కాలు పూర్తిగా చాచుకోవాలి, ఇది ఖర్చులేని పని, మోకాళ్ళని కాపాడుతుంది. కొనాల్సిందంటే ముందు ప్యాడ్ ఉన్న నిక్కరు, దాని లోపల ఇంకేం వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి. తర్వాత ముందు లైటు, వెనక ఎర్ర లైటు, హెల్మెట్, రెండు ట్యూబులు, పంక్చర్ ప్యాచులు, సొల్యూషన్, చిన్న పంపు. పంక్చర్ వేయడం ఇంట్లోనే రెండు మూడు సార్లు చేసి చూడండి.

నీళ్ళు దాహమయ్యేదాకా ఆగకుండా గంటకి అర లీటరు పైనే తాగాలి, ఒక బాటిల్లో ఓఆర్‌ఎస్ కలుపుకోండి. జేబులో చెనక్కాయ ఉండలు, అరటిపళ్ళు పెట్టుకోండి. రాత్రికి రాగి సంగటి దొరికితే కడుపునిండా తినండి.

ఎప్పుడైనా సైకిల్ మీదే వెనక్కొస్తే భాకరాపేట ఘాటు దిగేటప్పుడు మాత్రం నా మాట వినండి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడింది అక్కడే. బ్రేకు అదేపనిగా పట్టుకుని ఉండొద్దు, రిమ్ము కాలిపోయి బ్రేకు పట్టు తగ్గుతుంది. కాసేపు ముందుది, కాసేపు వెనకది, మలుపుకి ముందే స్పీడు తగ్గించేయండి. చీకట్లో అసలు దిగొద్దు.

ప్రశ్న: మాది చిత్తూరు. మా నాయన తొక్కిన పాత సైకిల్ ఉంది, గేర్లు లేవు. నాకూ మా పాపతో ఎక్కడికైనా పోవాలనుంది. కొత్తది కొనాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అక్కర్లేదమ్మా. షాపులో ఇచ్చి ఓవర్‌హాలింగ్ చేయించండి, బ్రేకు రబ్బర్లు మార్పించి, రింగు బెండు తీయించండి. పాత ట్యూబుల్లో వాల్వ్ దగ్గర చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది, అది చీలితే పంక్చర్ లేకపోయినా గాలి పోతుంది, అందుకని రెండంగుళాల ముక్క పర్సులో పెట్టుకోండి. ముందు కాణిపాకం పోయి రండి, 12 కిలోమీటర్లే, పొద్దున ఆరుకి బయల్దేరితే ఎండ ముదరకముందే దర్శనం చేసుకుని ఇల్లు చేరొచ్చు. పాపని వెనక కూర్చోబెడితే కాళ్ళు చక్రంలో పడకుండా జాలీ బిగించాకే బయల్దేరండి.