టెలోమరేజ్‌ను ఆపే ఇంజెక్షనా, పెంచే క్యాప్సూలా? నాన్నగారికి ఏది ఇవ్వాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారి వయసు 71. రెండేళ్ల కిందట నీరసం, ఆయాసం ఎక్కువైతే పరీక్షలు చేయించాం. ఎముక మూలుగ పరీక్ష చేసి ఎండీఎస్ (మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్, మూలుగలో రక్తకణాలు సరిగ్గా తయారుకాని జబ్బు) అన్నారు. ‘లో రిస్క్’ అని రాశారు. ఏడాదిగా రక్తం ఎక్కిస్తున్నారు, నెలకు రెండు యూనిట్లు పడుతోంది. ఈ జబ్బుకు టెలోమరేజ్ అనే ఎంజైమ్‌ను అడ్డుకునే కొత్త ఇంజెక్షన్ వచ్చిందని యూట్యూబ్‌లో చూశాను. డల్లాస్‌లో ఉండే మా అన్నయ్యేమో టెలోమరేజ్‌ను పెంచే క్యాప్సూల్స్ పంపిస్తానంటున్నాడు. వాటితో వయసు వెనక్కి వెళ్తుందట, రక్తం కూడా పడుతుందట. ఒకటి ఆపేది, ఇంకొకటి పెంచేది. రెండూ మంచివెలా అవుతాయి? ఒక ల్యాబ్ వాళ్లు టెలోమియర్ పరీక్ష చేయించుకుంటే నాకు క్యాన్సర్ వస్తుందో లేదో తెలుస్తుందంటున్నారు. చేయించుకోమంటారా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మా, ముందు అన్నయ్యకు ఫోన్ చేసి ఆ క్యాప్సూల్స్ పంపొద్దని చెప్పండి. ఇప్పటికే వచ్చి ఉంటే నాన్నగారికి వేయకండి. ఎందుకు వద్దంటున్నానో కింద వివరంగా రాస్తాను. మీరు అడిగిన మాట మాత్రం చాలా సరైనది. ఒకే ఎంజైమ్‌ను ఆపేదీ మందే, పెంచేదీ మందే ఎలా అవుతుందన్న అనుమానం వచ్చిందంటే సగం విషయం మీకు అర్థమైనట్టే.

చేనేత చీర కొంగు చివర పోగులను ముడివేసి కుచ్చులు కడతారు కదా. ఆ ముడులు లేకపోతే ఉతికిన ప్రతిసారీ పోగులు జారి, నేత ఊడిపోతూ వస్తుంది. మన కణాల్లో ఉండే 46 క్రోమోజోముల కొసలకు కూడా అలాంటి కుచ్చులు ఉంటాయి. వాటినే టెలోమియర్లు అంటారు. టీటీఏజీజీజీ అనే ఆరక్షరాల జన్యు పదం అక్కడ ఒకదాని వెనక ఒకటిగా దాదాపు రెండు వేల సార్లు వస్తుంది. పుట్టినప్పుడు ఒక్కో కుచ్చు పొడవు 10 వేల నుంచి 15 వేల అక్షరాలు. కణం రెండుగా చీలిన ప్రతిసారీ అందులోంచి సుమారు 50 నుంచి 100 అక్షరాలు పోతాయి. కుచ్చు మరీ పొట్టిదైతే కణం ఇక చీలదు. మనిషి శరీరంలోని మామూలు కణాలను ల్యాబ్‌లో పెంచితే 40 నుంచి 60 సార్లు చీలి ఆగిపోతాయని లియోనార్డ్ హేఫ్లిక్ 1961లోనే చూపించారు. కారణం మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ కుచ్చును మళ్లీ అల్లే చేయి టెలోమరేజ్. 1984 క్రిస్మస్ రోజున కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, చెరువు నీళ్లలో బతికే టెట్రాహైమెనా అనే ఏకకణ జీవిలో కరోల్ గ్రైడర్ దీని జాడ కనిపెట్టారు. అప్పటికి ఆమె ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థిని. ఈ ఇద్దరికీ, జాక్ షోస్టాక్‌కూ కలిపి 2009లో నోబెల్ ఇచ్చారు.

మన శరీరంలో ఈ ఎంజైమ్ అన్ని చోట్లా పనిచేయదు. పిండంలో, వీర్యకణాలు తయారయ్యే చోట బాగా పనిచేస్తుంది. మూలుగలో రక్తాన్ని తయారుచేసే మూలకణాల్లో కొంచెం ఉంటుంది. మిగతా కణాల్లో చాలావాటిలో పుట్టుకకు ముందే ఆగిపోతుంది. ప్రకృతి దాన్ని ఊరికే ఆపలేదు. కణం ఇన్నిసార్లే చీలాలన్న హద్దు మనకు ఒక కాపలా. దారి తప్పిన కణం కూడా కొన్నాళ్లకు ఆ హద్దు దగ్గరే ఆగిపోతుంది. క్యాన్సర్ కణం చేసేది ఆ కాపలాను దాటడమే. 1994లో అచ్చయిన ఒక పరిశోధనలో 101 క్యాన్సర్ గడ్డల ముక్కలు పరీక్షిస్తే 90 ముక్కల్లో టెలోమరేజ్ పనిచేస్తూ కనిపించింది. 50 మామూలు కణజాలాలు చూస్తే ఒక్కదానిలోనూ కనిపించలేదు. మిగతా క్యాన్సర్లలో కొన్ని ఈ ఎంజైమ్ లేకుండానే వేరే పద్ధతిలో కుచ్చులు అల్లుకుంటాయి.

ఇప్పుడు నాన్నగారి సంగతి. ఎండీఎస్‌లో మూలుగలోని ఒక మూలకణం చెడిపోయి, దాని సంతానమే మూలుగంతా ఆక్రమిస్తుంది. అవి ఎర్ర కణాలను మొదలుపెడతాయి కానీ సరిగ్గా పూర్తి చేయలేవు. అందుకే మూలుగ నిండా కణాలున్నా రక్తంలో తగినంత హిమోగ్లోబిన్ ఉండదు. ఈ చెడ్డ కణాలు టెలోమరేజ్ మీద ఆధారపడి బతుకుతాయి. అలాంటి చోట టెలోమరేజ్‌ను పెంచే క్యాప్సూల్ వేయడమంటే, అది నిజంగా పనిచేస్తే, మంచి కణాల కంటే ముందు ఈ చెడ్డ కణాలకే బలం ఇచ్చినట్టు. పని చేయకపోతే డబ్బు దండగ. రెండు దారుల్లోనూ నాన్నగారికి లాభం లేదు. ఆ క్యాప్సూల్స్ వల్ల ఫలానా రోగికి జబ్బు ముదిరిందని రుజువైందని నేను చెప్పడం లేదు. జబ్బు ఏ దారిలో నడుస్తోందో తెలిసి కూడా ఆ దారిలో దానికి సాయం చేసే పని ఎందుకు చేయాలన్నదే నా బాధ.

వయసు వెనక్కి వెళ్లడం గురించి కూడా నాలుగు మాటలు రాస్తాను, ఎందుకంటే ఈ క్యాప్సూల్స్ ఆ ఆశ మీదే అమ్ముడవుతున్నాయి. ఇలాంటివాటిలో చాలావాటికి ఆస్ట్రాగలస్ అనే చైనా మూలికే మూలం. అవి వేసుకున్నవాళ్లు ఎక్కువ కాలం బతికారని ఇంతవరకు ఏ పరీక్షలోనూ తేలలేదు. చిట్టెలుకను చూడండి. దాని టెలోమియర్లు మనకంటే చాలా పొడవు, టెలోమరేజ్ కూడా దాని ఒంట్లో చాలా చోట్ల పనిచేస్తూనే ఉంటుంది. అయినా రెండు మూడేళ్లకు మించి బతకదు. కుచ్చులు పొడవుగా ఉంటే ఆయుష్షు పొడవన్న లెక్క అంత సూటిది కాదు. పైగా జన్యుపరంగా పొడవైన టెలోమియర్లు ఉన్నవాళ్లకు కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు ఎక్కువని 2017లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ చెప్పింది. మరీ పొట్టివైతే ఒక జబ్బు, మరీ పొడవైతే ఇంకో జబ్బు.

ఇక మీరు యూట్యూబ్‌లో చూసిన ఇంజెక్షన్. అది నిజమే. దాని పేరు ఇమెటెల్‌స్టాట్. టెలోమరేజ్ లోపల కుచ్చు అల్లడానికి అచ్చులాగా ఉండే ఆర్ఎన్ఏ ముక్క ఉంటుంది. ఈ మందు సరిగ్గా దానికే అతుక్కుని పని ఆపేస్తుంది. అమెరికాలో ఎఫ్‌డీఏ 2024 జూన్‌లో, ఐరోపాలో 2025లో దీనికి అనుమతి ఇచ్చాయి. టెలోమరేజ్‌ను అడ్డుకుని అనుమతి పొందిన మొదటి మందు ఇదే. ఆ 1994 పరిశోధన నుంచి ఇక్కడిదాకా రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. మధ్యలో ఎన్నో దెబ్బలు తగిలాయి. ఇదే మందును ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో, రొమ్ము క్యాన్సర్‌లో ప్రయత్నిస్తే ఫలితం రాలేదు. టెలోమరేజ్ మీదికి శరీర రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే టీకాను బ్రిటన్‌లో వెయ్యి మందికి పైగా క్లోమ క్యాన్సర్ రోగులపై పరీక్షించారు. వాళ్ల ఆయుష్షు పెరగలేదు. ఎంజైమ్‌ను ఆపిన మర్నాడే కణం చావదు. కుచ్చు అరిగేదాకా చీలుతూనే ఉంటుంది. వేగంగా పెరిగే గడ్డ ఉన్న రోగికి అంత సమయం ఉండదు. ఎండీఎస్ లో రిస్క్ రకం నెమ్మదిగా నడిచే జబ్బు, అందులోని చెడ్డ కణాల కుచ్చులు ముందే పొట్టిగా ఉంటాయి. అందుకే ఇక్కడ మందుకు అవకాశం దొరికింది.

ఎంత మేలు చేసిందో అంకెల్లో చెబుతాను. ఈ మందు మీద జరిగిన పరీక్షలో 178 మంది ఎండీఎస్ రోగులు ఉన్నారు, మూడింట రెండొంతుల మందికి ఈ మందు, మిగతావాళ్లకు మందు లేని ఇంజెక్షన్ ఇచ్చారు. కనీసం ఎనిమిది వారాలు రక్తం ఎక్కించుకోకుండా గడిపినవాళ్లు మందు తీసుకున్నవాళ్లలో 39.8 శాతం, మిగతావాళ్లలో 15 శాతం. 24 వారాలు అలా గడిపినవాళ్లు 28 శాతం, 3 శాతం. రక్తం కోసం నెలనెలా దాతలను వెతుక్కుంటూ ఆస్పత్రి మంచం మీద రోజంతా గడిపే మనిషికి ఆరు నెలల విరామం చిన్న విషయం కాదు. కానీ పదిమందిలో ఆరుగురికి ఎనిమిది వారాల విరామం కూడా రాలేదన్నది కూడా అదే లెక్క. జబ్బును పూర్తిగా తీసేసే మందు కాదిది. నాలుగు వారాలకోసారి సెలైన్‌లాగా రెండు గంటలు ఎక్కిస్తారు. మూడింట రెండొంతుల మందిలో తెల్ల కణాలు బాగా పడిపోయాయి, ప్లేట్‌లెట్లు పడిపోయినవాళ్లూ దాదాపు అంతే. ఇందాక చెప్పాను కదా, మంచి మూలకణాలకు కూడా కొంచెం టెలోమరేజ్ అవసరం. మందుకు ఆ తేడా పూర్తిగా తెలియదు. అందుకే మొదటి రెండు విడతల్లో ప్రతి వారం రక్త పరీక్ష చేయాలి.

నాన్నగారికి ఇది సరిపోతుందా? ఎనిమిది వారాల్లో నాలుగు యూనిట్లు, అంతకంటే ఎక్కువ రక్తం పడుతూ, ఎర్ర కణాల తయారీని పెంచే ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్లు పనిచేయనివాళ్లకు, లేదా అవి వాడడం కుదరనివాళ్లకు ఈ మందు. నెలకు రెండు యూనిట్లంటే నాన్నగారు సరిగ్గా ఆ గీత మీద ఉన్నారు. కానీ ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్లు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే ముందు రక్తంలో ఎరిత్రోపాయిటిన్ స్థాయి చూసి, అది 500 కంటే తక్కువుంటే వాటిని ప్రయత్నించాలి. మన ఊళ్లలో దొరికేవే, ఖర్చూ తక్కువే. మూలుగ రిపోర్టులో ‘5క్యూ డిలీషన్’ అని ఉందేమో చూడండి. ఉంటే లెనాలిడోమైడ్ మాత్రలు బాగా పనిచేస్తాయి. ‘రింగ్ సిడిరోబ్లాస్ట్స్’ అని ఉంటే లస్‌పాటర్‌సెప్ట్ అనే ఇంకో ఇంజెక్షన్ గురించి అడగండి. ఇవన్నీ అయ్యాక ఇమెటెల్‌స్టాటే కావాలని మీ హిమటాలజిస్టు (రక్తవ్యాధుల నిపుణుడు) అంటే, మన దగ్గర దొరకని మందును ఒక రోగి సొంత వాడకానికి తెప్పించుకునే పద్ధతి ఉంది. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు ఫారం 12ఏ లో దరఖాస్తు పెడితే 12బీ పర్మిట్ ఇస్తారు. డాక్టర్ ప్రిస్క్రిప్షన్ తప్పనిసరి. పర్మిట్ లేకుండా తెలిసినవాళ్ల సూట్‌కేసుల్లో తెప్పించకండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన విషయం ఇంకొకటి ఉంది, దాన్ని మీరు అడగలేదు. ఏడాదిగా నెలకు రెండు యూనిట్లంటే ఇరవై దాటాయి. ఒక్కో యూనిట్‌తో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో మొత్తం ఇనుమే 3, 4 గ్రాములు. నాన్నగారికి ఈ ఏడాదిలోనే అంతకంటే ఎక్కువ చేరింది. శరీరానికి దాన్ని బయటకు పంపే దారి లేదు. అది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే సీరమ్ ఫెరిటిన్ పరీక్ష ఈ వారంలోనే చేయించండి. 1000 దాటితే ఇనుమును బయటికి లాగే డెఫెరాసిరాక్స్ మాత్రల గురించి డాక్టర్ ఆలోచిస్తారు. కిడ్నీ, కాలేయ పరీక్షలు చూసుకుంటూ వాడాల్సిన మాత్రలవి. రక్తం తక్కువుందనగానే మన ఇళ్లలో ఐరన్ టానిక్ మొదలుపెడతారు. నాన్నగారికి అది వద్దు. దానిమ్మ, బీట్‌రూట్ ఆయన ఇష్టపడితే తిననివ్వండి, రక్తం పడుతుందని మాత్రం బలవంతంగా పెట్టకండి. తక్కువైంది ఇనుము కాదు, కణాన్ని తయారుచేసే శక్తి.

జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. చిగుళ్ల నుంచి రక్తం కారినా, చర్మం మీద చిన్న ఎర్ర చుక్కలు వచ్చినా అంతే.

ఇక మీ పరీక్ష. చేయించుకోవద్దు. రక్తంలో టెలోమియర్ పొడవు చూసి ఫలానా మనిషికి క్యాన్సర్ వస్తుందని చెప్పే పరీక్ష లేదు. టెలోమరేజ్ ఉందా లేదా అని చూసినా లాభం లేదు. జలుబు చేస్తే రెచ్చిపోయే తెల్ల కణాల్లోనూ అది పెరుగుతుంది. క్యాన్సర్ అప్పటికే ఉందని తెలిశాక, దాని రకం తేల్చడానికి మాత్రం ఈ శాస్త్రం బాగా ఉపయోగపడుతోంది. టెలోమరేజ్ జన్యువు స్విచ్ దగ్గర వచ్చే మార్పును 2013లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో కనిపెట్టారు. ఇప్పుడు కొన్ని మెదడు గడ్డల్లో ఈ మార్పు కనిపిస్తే, మైక్రోస్కోప్ కింద అంత ఉధృతంగా కనిపించకపోయినా, అత్యంత తీవ్రమైన గ్రేడ్ 4 గ్లియోబ్లాస్టోమాగా లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ చెబుతోంది. థైరాయిడ్ క్యాన్సర్‌లో ఇదే మార్పు ఉంటే జబ్బు మొండిదని ముందే జాగ్రత్తపడతాం. ఇవన్నీ గడ్డ ముక్క మీద చేసే పరీక్షలు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం మీద చేసేవి కావు. మీకు 30 దాటి ఉంటే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ఉచితంగా చేస్తారు. ఆ డబ్బు మిగుల్చుకుని అవి చేయించుకోండి.

ఒక్క సందర్భంలో మాత్రం నా మాట మారుతుంది. మీ కుటుంబంలో ఎవరికైనా ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, కారణం తెలియని లివర్ సిరోసిస్, మూలుగ రక్తకణాలను తయారుచేయడం మానేసే అప్లాస్టిక్ ఎనీమియా ఉన్నాయా? ఇరవైల్లోనే జుట్టు మొత్తం నెరిసినవాళ్లు ఉన్నారా? ఉంటే పుట్టుకతోనే టెలోమియర్లు పొట్టిగా ఉండే కుటుంబమేమో చూడాలి. అలాంటివాళ్లలో ఎండీఎస్ రావడం తెలిసిన విషయమే. అప్పుడు టెలోమియర్ పొడవు పరీక్షకు అర్థం ఉంటుంది, అదీ హిమటాలజిస్టు రాస్తేనే.

అన్నయ్య మీద కోపం తెచ్చుకోకండి. అంత దూరంలో ఉండి, నాన్నకు ఏమీ చేయలేకపోతున్నానన్న దిగులుతోనే ఆ క్యాప్సూల్స్ వెతికి ఉంటాడు. ఆయనకు ఒక పని అప్పగించండి. మూలుగ పరీక్ష రిపోర్టు, క్రోమోజోమ్ రిపోర్టు, ఏడాదిగా చేసిన రక్త పరీక్షలు, ఎక్కించిన యూనిట్ల తేదీలు, కొత్తగా చేయించే ఫెరిటిన్, ఎరిత్రోపాయిటిన్ ఫలితాలు అన్నీ స్కాన్ చేసి పంపండి. ఇమెటెల్‌స్టాట్ వాడుతున్న హిమటాలజిస్టు ఒకరికి అక్కడ వాటిని చూపించి, ఆయన రాసిచ్చిన అభిప్రాయాన్ని ఇక్కడి మీ డాక్టర్‌కు పంపమనండి.