డ్రాగన్ అనాలంటే ఏముండాలి? ముందు ఏ గీత గీస్తామో చూడండి

కావలి నుంచి అడిగారు కాబట్టి మన జిల్లా మనిషికి చెప్పినట్టే చెబుతాను. ఆరో తరగతి చదివే మీ అబ్బాయి ఒక పాత గుడి మండపంలో స్తంభం మీది యాళిని, అదే సింహం ఒళ్ళుతో, ఒక్కోసారి ఏనుగు తొండంతో చెక్కే బొమ్మని, చూసి "డ్రాగన్" అన్నాడు. మీరు కాదన్నారు. "మరి డ్రాగన్‌కి ఏముండాలి? రెక్కలా, నిప్పా, నాలుగు కాళ్ళా?" అని వాడు ఎదురడిగితే మీ దగ్గర జవాబు లేదు. అంతే గదా మీ ప్రశ్న.

నేను పండితుణ్ణి కాదు. నెల్లూరులో పాతికేళ్ళుగా బోర్డులు రాస్తున్నాను. ఫ్లెక్సులొచ్చి ఆ పని పడిపోయాక గుళ్ళలో ఉత్సవ వాహనాలకు రంగులు వెయ్యడానికి కూడా పోతున్నాను. డ్రాగన్ గురించి నేను నేర్చుకోవడం మొదలుపెట్టింది ఒక నూడుల్స్ బండి దగ్గర పరువు పోగొట్టుకున్నాకే.

2011 అనుకుంటా. మినీ బైపాస్ మీద ఒకాయన కొత్తగా చైనీస్ ఫాస్ట్‌ఫుడ్ బండి పెట్టాడు. రెండు పక్కలా డ్రాగన్ బొమ్మ వెయ్యమన్నాడు. ఎట్టా ఉండాలన్నా అంటే "చూడంగానే భయం వెయ్యాల, ఆకలి కూడా వెయ్యాల" అన్నాడు. ఇంగ్లీషు సినిమా పోస్టర్లలో చూసిందే నాకు తెలిసిన డ్రాగన్. బలిసిన ఒళ్ళు, నాలుగు కాళ్ళు, గబ్బిలం రెక్కలు, నోట్లోంచి మంట. రెండు రోజులు కూర్చుని ఎనామిల్ పెయింటుతో దించాను. బండాయన తల్లి వచ్చి చూసి "ఇదేందిరా, తొండకి రెక్కలు పెట్టినావు" అనింది. అందరం నవ్వుకున్నాం. వారం తిరక్కముందే, సింగపూర్‌లో పనిచేసి వచ్చిన కుర్రాడొకడు చేతిలో ప్లేటు పట్టుకుని నిలబడే తేల్చేశాడంట, ఇది చైనా డ్రాగన్ కాదు, దానికి రెక్కలుండవు అని. బండాయన ఫోన్ చేసి, సరిచేసిందాకా మిగతా డబ్బులు ఇయ్యనన్నాడు. రెక్కల మీద పసుపూ తెలుపూ కలిపి మేఘాలు వేసి ఎట్టాగో సర్దాను. ఎండకి పై రంగు పెచ్చులూడిపోయి, ఆర్నెల్లకి మేఘాల్లోంచి రెక్కలు మళ్ళీ బయటికొచ్చాయి. అది వేరే గొడవ.

ఆ కుర్రాడు చెప్పింది నిజమే. చైనా డ్రాగన్‌కి మామూలుగా రెక్కలుండవు. భూటాన్ జెండా చూడండి. తెల్ల డ్రాగన్, గోళ్ళలో రత్నాలు పట్టుకుని ఉంటుంది, రెక్కలు లేవు. వేల్స్ జెండా మీది ఎర్ర డ్రాగన్‌కి రెక్కలున్నాయి. రెండిటినీ డ్రాగనే అంటున్నప్పుడు రెక్కలు గుర్తు ఎట్టా అవుతాయి? కాళ్ళ లెక్క కూడా అంతే. రెండు కాళ్ళే ఉంటే డ్రాగన్ అనకూడదు, వైవర్న్ అనాలి అని ఇంటర్నెట్లో కొట్టుకు చస్తుంటారు. అది బ్రిటన్‌లో వంశాల చిహ్నాలు గీసేవాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. యూరప్ పాత బొమ్మల్లో రెండు కాళ్ళవీ ఉన్నాయి, నాలుగు కాళ్ళవీ ఉన్నాయి, అసలు కాళ్ళే లేనివీ ఉన్నాయి.

ఇక నిప్పు. చైనా వాళ్ళకి డ్రాగన్ నీళ్ళ దేవత. వానలు, నదులు, సముద్రాలు దాని అధీనంలో ఉంటాయి. వాన పడకపోతే దానికే మొక్కేవాళ్ళు. నిప్పు కక్కేది యూరప్ కథల్లో, అక్కడ కూడా విషం చిమ్మేవి తక్కువేం కాదు. మన కాళియుణ్ణి గుర్తు చేసుకోండి. వాడి విషానికి మడుగులో నీళ్ళు కుతకుత ఉడికాయనీ, పైన ఎగిరే పక్షులు చచ్చి నీళ్ళలో పడ్డాయనీ భాగవతం చెబుతుంది. పాము బుస కొట్టడాన్నే పెంచుకుంటూ పోతే ఒకచోట విషమైంది, ఇంకోచోట మంటయింది అని నా ఊహ.

మరి మిగిలేది ఏంటి? ఇది నాకు ఒక ఆచారి గారి దగ్గర తెలిసింది. వాహనాలు చెక్కే పెద్దాయన. ఒక పల్లెలో శేషవాహనానికి రంగులు వెయ్యడానికి పోయినప్పుడు మాటల్లో నా నూడుల్స్ బండి కథ చెప్పాను. ఆయన నవ్వలేదు. "నువ్వు ముందు ఏం గీసినావు?" అని అడిగాడు. పొట్ట గీశానన్నాను. "అందుకే తొండయింది. ముందు వెన్ను గియ్యాల" అని నేల మీద బొగ్గుముక్కతో ఒకే గీత, మెలికలు తిరుగుతూ, గీశాడు. ఆ గీత గియ్యంగానే అది పాము. దానికి కాళ్ళు పెట్టు, కొమ్ములు పెట్టు, మీసం పెట్టు, లోపల పాము పోదు. తర్వాత పక్కనే సింహం రొమ్ము గీసి, దాని మీద తొండం పెట్టి, "ఇది యాళి" అన్నాడు.

నా వరకు డ్రాగన్‌కి గుర్తు అదే. మొదటి గీత పాముది కావాలి, దాని మీద వేరే జంతువుల అవయవాలు అరువు తెచ్చుకోవాలి. చైనా వాళ్ళ పాత లెక్కలో ఈ అరువు జాబితా ఉంది. జింక కొమ్ములు, ఒంటె తల, ఆవు చెవులు, పాము మెడ, చేప పొలుసులు, గద్ద గోళ్ళు, పులి పంజాలు, ఇట్టా తొమ్మిది పోలికలు చెబుతారు. బండి మీది బొమ్మ వేసే ముందు ఈ ముక్క తెలిసుంటే మేఘాల ఖర్చు తప్పేది.

పేరు చూసినా అంతే. గ్రీకులో డ్రాకోన్, లాటిన్‌లో డ్రాకో అంటే మొదట్లో పెద్ద పామే. మన ఋగ్వేదంలో మొదటి మండలం 32వ సూక్తం తీయండి. ఇంద్రుడు వృత్రుణ్ణి చంపి నీళ్ళు విడిపించిన కథ. అక్కడ వృత్రుణ్ణి "అహి" అంటారు, అంటే పాము. కాళ్ళు లేనివాడు, చేతులు లేనివాడు అని కూడా ఉంది. ఇరాన్ వాళ్ళ పాత గ్రంథాల్లో మూడు తలల "అజి దహాక" ఉన్నాడు. ఆ "అజి", మన "అహి" ఒకటే మాట. ఈ సంగతి నాకు ఎక్కడ వెలిగిందంటే, నాతో పాటు బోర్డులు రాసే ఒక సాయిబు అన్న ఆ బండి బొమ్మని చూసి "ఏందన్నా, అజ్దహా వేసినావా?" అన్నాడు. ఉర్దూలో డ్రాగన్‌నీ, పెద్ద కొండచిలువనీ కూడా అజ్దహా అనే అంటారు. వేదంలో పాము సంతపేట టీకొట్టు దగ్గర అట్టా తగిలింది నాకు.

పాము ఒక్కటే ఉంటే చాలదు, అది దేని మీదనో కూర్చుని ఉండాలి అని కూడా నాకనిపిస్తుంది. వృత్రుడు నీళ్ళను అడ్డగించాడు. కాళియుడు మడుగుని పట్టుకున్నాడు. యూరప్ డ్రాగన్ బంగారం మీద పడుకుంటుంది. మనూళ్ళలో లంకెబిందెలున్నచోట నాగుపాము కాపలా ఉంటుందని చెప్పని ముసలమ్మ ఉందా? మా నాయనమ్మ చేను గట్టు మీది పుట్ట చూపించి మమ్మల్ని అట్టానే భయపెట్టేది. తేడా ఏంటంటే, యూరప్‌లో దాన్ని చంపినవాడు వీరుడు. మనం కార్తీకంలో అదే పుట్టలో పాలు పోస్తాం. కాళియుణ్ణి కూడా కృష్ణుడు చంపలేదు, తొక్కి, బుద్ధి చెప్పి సముద్రానికి పంపేశాడు. బౌద్ధ గ్రంథాలు చైనాకి పోయినప్పుడు అక్కడి అనువాదకులు మన "నాగ" అనే మాటకి వాళ్ళ డ్రాగన్ పేరే వాడారు. అంటే వాళ్ళ కళ్ళకి కూడా రెండూ చుట్టాలే.

కన్ను అన్నాను కాబట్టి ఒక మాట. డ్రాకోన్ అనే పేరు "చూడటం" అనే ధాతువు నుంచి వచ్చిందని భాషలు చదివినవాళ్ళు చాలామంది అంటారు. మన దృష్టి, దర్శనం కూడా ఆ ధాతువు చుట్టాలే. రెప్ప వెయ్యని చూపు పాముదే గదా. చైనాలో ఆరో శతాబ్దపు చిత్రకారుడు జాంగ్ సెంగ్యో మీద ఒక కథ ఉంది. గుడి గోడ మీద నాలుగు డ్రాగన్లు వేసి కళ్ళు పెట్టకుండా వదిలేశాడట. పెడితే ఎగిరిపోతాయన్నాడట. జనం ఎగతాళి చేస్తే రెండిటికి చుక్క పెట్టాడు. పిడుగు పడి గోడ పగిలింది, ఆ రెండూ మేఘాల్లోకి పోయాయి. కళ్ళు లేని రెండూ గోడ మీదే ఉండిపోయాయి. మా ఆచారి గారికి ఈ కథ తెలియదు. కానీ ఆయన కూడా కన్ను ఆఖర్నే తెరుస్తాడు, ఆ పూట ఎవరితోనూ మాట్లాడడు.

ఇప్పుడు మీవాడి యాళి దగ్గరికి వద్దాం. ఒంటికి సింహం, మొహానికి ఒక్కోసారి ఏనుగు. మొదటి గీత పాముది కాదు కాబట్టి డ్రాగన్ కాదనే నేనంటాను. మకరం మొసలి గీత, దానికి తొండమూ చేప తోకా. గంగమ్మకీ వరుణుడికీ వాహనం. నీళ్ళ జీవి కాబట్టి కొంచెం దగ్గరకొస్తుంది, అయినా కాదు. కొమోడో డ్రాగన్‌ని అయితే లెక్కలోకే తీసుకోవద్దు, అది మన ఉడుముకి అన్న. కానీ మీ అబ్బాయి పూర్తిగా తప్పని కూడా అనలేను. యాళికి సంస్కృతంలో పేరు వ్యాళం. నిఘంటువు తీస్తే వ్యాళానికి క్రూరమృగం అనీ ఉంటుంది, పాము అనీ ఉంటుంది. ఒంట్లో లేని పాము పేరులో ఉంది. నా లెక్క అక్కడ కొంచెం కుంటుతుంది, ఒప్పుకుంటాను.

పోయినేడు మినీ బైపాస్ మీద పోతుంటే చూశాను, ఆ బండి ఇప్పుడు షట్టరున్న షాపయింది. ఫ్లెక్సు మీద కొత్త డ్రాగన్, నెట్‌లోంచి తీసింది. దానికీ రెక్కలున్నాయి. నేనేం అనలేదు.

ఈసారి నెల్లూరొస్తే వాణ్ణి పెన్న ఒడ్డున రంగనాయకస్వామి గుడికి తీసుకుపోండి. స్తంభాల దగ్గర ఆపకుండా నేరుగా లోపలికి. స్వామి ఏ పడక మీద పడుకున్నాడో, ఆ పడగలు ఎట్టా లేచి ఉన్నాయో చూపించండి. ఇంటికొచ్చాక కాగితం ఇచ్చి దాన్ని గియ్యమనండి. వాడు ముందు ఏ గీత గీశాడో ఇక్కడ రాయండి, నాకూ తెలుసుకోవాలనుంది.