వాయుసేన వాతావరణ విభాగంలో రిటైరై కావలి వస్తున్నా, బయట ఏం పని చేయొచ్చు?

అందరూ ముందు వాతావరణ శాఖ పేరే చెబుతారు. అక్కడి సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులకు స్టాఫ్ సెలక్షన్ పరీక్ష రాయాలి. మాజీ సైనికులకు సర్వీసు కాలాన్ని వయసులోంచి తీసేసి, పైన ఇంకో 3 ఏళ్లు సడలిస్తారు. నోటిఫికేషన్ ఏటా రాదు, దాన్నే నమ్ముకుని కూర్చోకండి.

నన్నడిగితే మన తీరంలోనే పనుంది. కృష్ణపట్నం లాంటి రేవులో గాలి వేగం ఎంత దాటితే క్రేన్ ఆపాలన్నది డబ్బు లెక్క. రొయ్యల గుంటల సంగతి సరేసరి. అక్టోబరు, నవంబరుల్లో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి, తెల్లారుజామున రొయ్య పైకి తేలుతుంది. ఆ ముసురు సంగతి రెండు రోజుల ముందే చెబితే రైతు ఏరేటర్లకు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) డీజిల్ తెచ్చిపెట్టుకుంటాడు, మేత తగ్గిస్తాడు.

బయోడేటాలో మాత్రం ఉత్త 'మెటార్' అని రాస్తే ఎవరికీ ఎక్కదు. గాలి, మబ్బు ఎత్తు, ఎంత దూరం కనబడుతోందీ చూసి పైలట్లకు రిపోర్టు ఇచ్చేవాణ్ణని రాయండి.